డాబా తాళం

మా మంగాఫ్‌లో ఆదివారం శుక్రవారమే వచ్చేస్తుంది.
నాలుగో అంతస్తు, ఎదురెదురు ఫ్లాట్లు,
మధ్య నడవలో పదకొండు జతల చెప్పులు.
వాచ్‌మన్ ఫతీ వాటిని కాలితో ఓ పక్కకి నెట్టి
ఇంతమందా అన్నట్టు చూస్తాడు.
మేం నవ్వుతాం.
అరబీలో మాకు బాగా వచ్చింది అదొక్కటే.

ఈ వారం వార్త ఓబేదు పన్ను.
కింది వరసలో ముందుది,
వారం రోజులు నాలుకతో ఊపీ ఊపీ
పొద్దున్న ఖుబ్బూస్ ముక్కలో వదిలేశాడు.
అత్తమ్మ దాన్ని కడిగి,
ఈ దేశంలో పేడ దొరకదని కాసేపు విచారించి
గోధుమపిండి ముద్దలో పెట్టింది.
"ఇంటి కప్పు మీదికి విసరాలిరా."
ఎఫ్రాయిము బావగారు బైబిలు మూసి,
వేలు మాత్రం పేజీలోనే ఉంచి
"వాక్యంలో లేదమ్మా ఇది" అన్నారు.
"లేనివన్నీ మానేస్తే పెసరట్టు కూడా మానాలి, నాయనా."

ఫతీ డాబా తాళం ఇవ్వనన్నాడు.
ఓబేదు నోరు తెరిచి చూపించాడు.
ఆ పెద్ద మీసాల మనిషి ఒక్కసారి మెత్తబడి
వాళ్ళ ఊళ్ళో సూర్యుడికి విసురుతామని
చేతుల్తో చెప్పి, తానే ముందు నడిచాడు.

పైన డిష్‌లు, నీళ్ళ ట్యాంకులు,
దుమ్ము వెనక అహ్మదీ వైపు ఆరని మంట.
తీరా చూస్తే మేం నిలబడ్డదే కప్పు.
ఇక దేని మీదికి విసరాలి?
బావగారే తేల్చారు, గొంతు సవరించుకుని: "ట్యాంకు మీదికి."
ముద్ద టప్పున పడి అక్కడే అతుక్కుంది.
"రేపట్నుంచి పన్ను నీళ్ళు తాగాలా?" అన్నాడు మా ఆసా.
జెమీమక్క నవ్వి నవ్వి కూర్చుండిపోయింది,
షుగరు మాత్ర వేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

రాత్రి ప్రార్థన. మనవుల పుస్తకం నా చేతిలో ఉంటుంది,
నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని.
తబిత డ్రైవింగు టెస్టు మూడోసారి పోయింది,
రివర్సులో ఆ కోన్ తనకే అడ్డం వస్తుందట.
వాళ్ళాయన నెహెమ్యాకి మూడు నెలల జీతం రాలేదు,
ఆ మాట ఆయన "కొంచెం ఆలస్యం" అని రాయిస్తాడు.
కెజీయాకి బయాలజీ.
సీలాసుకి వీడియోలో పెళ్ళిచూపులు,
అమ్మాయి నవ్వబోయే క్షణానికి నెట్ ఆగిపోయింది,
నవ్విందో లేదో తెలియజేయమని దేవుణ్ణి అడుగుతున్నాడు.
మా ఆయన తీతుకి మా ఇద్దరి ఇకామాల బెంగ.
ఆసాకి ఫుట్‌బాల్ బూట్లు, జెమీమక్కకి ఆ షుగరే,
బావగారికి ఎప్పటిలాగే సంఘం, తన కోసం ఏమీ లేదు.
ఓబేదుకి కొత్త పన్ను, వీలైతే బంగారుది.
అత్తమ్మకి మోకాలు.
వీసా ఇంకా తొమ్మిది రోజులుందని తను చెప్పలేదు, నేనే రాశాను.

చదవడం అయిపోయింది. అందరూ కళ్ళు మూసుకున్నారు.
అత్తమ్మ మూసుకోలేదు.
అక్షరం రాదు ఆమెకి. బొటనవేలు
కణుపు కణుపుకీ జరుగుతూ ఒకచోట ఆగింది.
"పదే చదివావేం?"

పన్నెండు రోజులు ఆలస్యం, ముప్పై తొమ్మిదేళ్ళకి.
ఎక్కడ పడుకోబెడతాం,
ఇంకో ఇకామాకి ఎక్కణ్ణుంచి తెస్తాం,
వీటిలో ఏది మనవి, ఏది కృతజ్ఞతో తేలక
పెన్నుతో ఖాళీ గీత మీద చుక్కలు పెడుతూ కూర్చున్నాను.
ఏసీ గురగురలో అందరూ ఒక్కసారిగా ప్రార్థన అందుకున్నారు,
ఎవరి గొంతు ఎవరిదో తెలియనంత.
ఆ సందట్లో ఆమె నా వైపు జరిగి
మోకాలు పట్టుకుని, చెవి దగ్గర:
"ఎన్నో నెల?"
"ఇంకా తెలీదు అత్తమ్మా."
"సరే. రాయకు. నేను అడుగుతాలే."

పైన ఎక్కడో మోటారు ఆగింది.
ట్యాంకు నిండినట్టుంది.